ఈజీ, మోడరేట్ అంటే సరిపోదు: కొండ దారికి గ్రేడ్ ఇలా ఇవ్వండి

వైజాగ్‌లో ఆదివారం పొద్దున్నే కొండలెక్కే గ్రూపులు ఈమధ్య బాగా పెరిగాయి, చాలా సంతోషం. కానీ శనివారం రాత్రి వాట్సాప్‌లో పడే మెసేజ్ చూస్తే "ఈజీ ట్రెక్, ఫ్యామిలీతో రావచ్చు" అని ఉంటుంది, అంతే. ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎక్కాలి, కాలికింద ఏముంటుంది, ఏమీ ఉండదు. రాసినాయనకి అది ఈజీయే, రోజూ బీచ్ రోడ్డు మీద పరిగెత్తే మనిషి. చదివినావిడకి మోకాలి నొప్పి, పక్కన ఏడేళ్ళ పిల్ల, ఇద్దరూ చెప్పులేసుకుని వచ్చేస్తారు. మన కొండలు చిన్నవి కాబట్టి కాళ్ళు పీకి ఇంటికెళ్ళి పడుకుంటే సరిపోతుంది, అదే అలవాటుతో ఉత్తరాఖండ్ వెళ్ళినా, ఇప్పుడు పిల్లలు యూరప్‌లో ఉండి చాలామంది వెళ్తున్నారు కదా, ఆ ఆల్ప్స్‌కి వెళ్ళినా అక్కడ మాత్రం గట్టిగా తేడా కొడుతుంది.

అందుకే గ్రేడ్ ఇవ్వడం మనకి తెలిసిన కొండల మీదే నేర్చుకోవాలంటాను. ఇందులో పెద్ద విద్యేం లేదు, ఒక్క విషయం పట్టుకుంటే చాలు. ఎంత దూరం, ఎంత ఎక్కుడు, దారి ఎంత కష్టం, ఈ మూడూ మూడు వేరే సంగతులు, మూడింటినీ కలిపి ఒక్క మాటలో కుక్కేయకూడదు.

వైజాగ్ వాళ్ళకి ఇది చెప్పడం చాలా తేలిక, మూడింటికీ మన దగ్గరే ఉదాహరణలున్నాయి. సింహాచలం గిరి ప్రదక్షిణ తీసుకోండి, 32 కిలోమీటర్లు, ఆషాఢ పౌర్ణమికి లక్షలమంది చెప్పుల్లేకుండా నడుస్తారు, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార మీదుగా అంతా రోడ్డే, తప్పిపోయే ప్రశ్నే లేదు, పడిపోయే చోటూ లేదు, కానీ పూర్తయ్యేసరికి పాదాలు బొబ్బలెక్కి గట్టి కుర్రాళ్ళు కూడా కుంటుతుంటారు. అది దూరం వల్ల వచ్చే కష్టం. అదే సింహాచలంలో కొండ కింద తొలిపావంచా నుంచి గుడికి మెట్లదారి ఉంది, వెయ్యి పైచిలుకు మెట్లు, దూరం చూస్తే ఏమీ కాదు, కానీ సగం దాటేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటుంది, అది ఎక్కుడు వల్ల వచ్చే కష్టం. ఇక మూడోది, తెన్నేటి పార్కు కింద సముద్రం ఒడ్డున రాళ్ళున్నాయి కదా, ఆ రాళ్ళ మీద ఒక రెండొందల మీటర్లు నడవాలంటే దూరమూ లేదు, ఎక్కుడూ లేదు, అయినా ప్రతి అడుగూ చూసి వేయాలి, చేత్తో పట్టుకోవాలి, నాచు పట్టిన రాయి మీద కాలు పడితే పళ్ళు రాలతాయి, అల సంగతి సరేసరి. మొదటి దాంట్లో నెగ్గినాయన మూడో దాంట్లో నెగ్గుతాడని ఏమీ లేదు. ఇప్పుడు ఈ మూడింటినీ "మోడరేట్" అని ఒకే పేరు పెట్టి పిలిస్తే వినేవాళ్ళకి ఏం తెలుస్తుంది చెప్పండి.

దూరం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒకవైపు దూరమా, రానూపోనూ కలిపా అన్నది తప్పకుండా రాయండి, సగం గొడవలు ఇక్కడే వస్తాయి. మ్యాప్ మీద వేలితో గీసిన గీత మలుపులన్నీ కోసేస్తుంది కాబట్టి తక్కువ చూపిస్తుంది, ఫోన్ రికార్డు చేసిందేమో మీరు చెట్టుకింద కూర్చుని పులిహోర తింటున్నా చుక్క అటూ ఇటూ కదిలి మీటర్లు కలిపేస్తుంది. నిజం ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, అరకిలోమీటరు కోసం వాదించుకోనక్కర్లేదు.

ఎక్కుడు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. శిఖరం ఎత్తు వేరు, మీరు ఎక్కే ఎత్తు వేరు. మన రాష్ట్రంలో బాగా ఎత్తైన కొండల్లో ఒకటైన అర్మ కొండ 1,680 మీటర్లు అంటారు, దాన్నెక్కినవాళ్ళు 1,680 మీటర్లు ఎక్కినట్టు కాదు, జీపు దిగిన ఊరే బోలెడు ఎత్తులో ఉంటుంది. సింహాచలం గుడి సముద్రమట్టానికి సుమారు 800 అడుగుల ఎత్తు, అంటే 244 మీటర్లు, కింద అడివివరం సముద్రమట్టంలో లేదు కాబట్టి మెట్ల మీద మీరు నిజంగా ఎక్కేది అంతకంటే తక్కువే. ఇంకోటి, శిఖరం ఎత్తులోంచి మొదలుపెట్టిన చోటు ఎత్తు తీసేసినా లెక్క పూర్తవదు. దారి 300 మీటర్లు ఎక్కి, 100 దిగి, మళ్ళీ 200 ఎక్కిందనుకోండి, తేడా 400 వస్తుంది కానీ కాళ్ళు ఎక్కింది 500. ఎక్కిన ప్రతి ముక్కా కూడితే వచ్చేదే ఎలివేషన్ గెయిన్, రాయాల్సింది అదే. తిరుగు దారిలో ఆ 100 మళ్ళీ ఎక్కాలి, దాన్ని మర్చిపోకండి, అలసిపోయి వస్తున్నప్పుడు ఎదురయ్యే ఎక్కుడు ఒకటికి రెండింతలు అనిపిస్తుంది.

దీన్ని కొలవడం ఎలా అంటే, సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపో షీట్ల (కొండల ఎత్తులు చూపించే మ్యాపుల) మీద కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, సాధారణంగా 20 మీటర్లకి ఒకటి ఉంటాయి, మీ దారి ఎన్ని గీతల్ని పైకి దాటిందో లెక్కపెట్టి 20తో గుణించండి, పాత పద్ధతే కానీ గట్టిది. గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట దారి నిటారుగా ఉంటుందని కూడా అక్కడే తెలిసిపోతుంది. ఫోన్ జీపీఎస్ ఎత్తుని నమ్మకండి, చదునుగా ఉన్నచోట కూడా ఐదు మీటర్లు పైకీ కిందకీ ఊగుతూ ఆ ఊగుడంతా ఎక్కుడుగా కలిపేస్తుంది. బేరోమీటర్ ఉన్న వాచీ అయితే నయం, దానికి మన ఊళ్ళో ఒక గొప్ప సదుపాయం ఉంది, ఆర్కే బీచ్‌లో అలల పక్కన నిలబడి ఎత్తు సున్నా అని పెట్టుకుని బయల్దేరొచ్చు, ఈ సౌకర్యం డెహ్రాడూన్ వాళ్ళకి లేదు. కానీ ఆ వాచీ చూసేది గాలి ఒత్తిడిని, ఎత్తుని కాదు. సముద్రమట్టం దగ్గర ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడి కొలిచే యూనిట్) తగ్గితే సుమారు 8 మీటర్లు ఎక్కినట్టు చూపిస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిన రోజున మీరు ఇంట్లో కూర్చున్నా వాచీ పదుల మీటర్లు ఎక్కేస్తుంది, కాబట్టి ఎత్తు తెలిసిన చోటు దొరికినప్పుడల్లా సరిచేసుకోండి. రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది కదా, కిరండూల్ లైన్‌లో వెళ్ళేటప్పుడు అది భలే పనికొస్తుంది.

దూరం, ఎక్కుడు చేతిలో ఉంటే టైమ్ లెక్క కట్టొచ్చు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు, ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే 5 కిలోమీటర్లకి ఒక గంట, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. జర్మనీ వాళ్ళ డిన్ 33466 ప్రమాణం ఇంకొంచెం ఉదారంగా ఉంటుంది, గంటకి 4 కిలోమీటర్లు నడక, 300 మీటర్లు ఎక్కుడు, 500 మీటర్లు దిగుడు అని తీసుకుంటుంది. నడకకి పట్టే టైమ్ ఒకటి, ఎక్కి దిగడానికి పట్టే టైమ్ ఒకటి విడిగా లెక్కేసి, రెండింట్లో పెద్దదానికి చిన్నదాంట్లో సగం కలపాలి.

ఒక నిజమైన ఆల్ప్స్ దారి మీద వేసి చూద్దాం. స్విట్జర్లాండ్‌లో షీనిగె ప్లాటె అనే కొండ రైలు స్టేషన్ నుంచి ఫాల్‌హార్న్ శిఖరం మీదుగా ఫస్ట్ అనే గొండోలా (కేబుల్ కారు) స్టేషన్ దాకా ఒక పేరున్న నడక ఉంది, ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ మంచు శిఖరాలు కనపడుతూనే ఉంటాయి. సుమారు 16 కిలోమీటర్లు. మొదలయ్యే చోటు 1,967 మీటర్లు, ఫాల్‌హార్న్ 2,681, దిగే చోటు దాదాపు 2,167. మొదలుకీ చివరికీ తేడా చూస్తే 200 మీటర్లే, అది చూసి ఓస్ ఇంతేనా అనుకుంటారు, కానీ మధ్యలో కనీసం 714 ఎక్కి 514 దిగాలి, చిన్నచిన్న ఎగుడుదిగుళ్ళు కాకుండానే. నైస్మిత్ లెక్కలో 3.2 గంటలు ప్లస్ 1.2, అంటే నాలుగున్నర లోపే. జర్మన్ లెక్కలో నడక 4 గంటలు, ఎక్కుడు దిగుడు కలిపి 3.4, పెద్దది 4, దానికి 1.7 కలిపితే 5.7. ఆ దారికి మామూలుగా చెప్పే టైమ్ కూడా దాదాపు ఆరు గంటలే. నైస్మిత్‌ది గట్టిగా నడిచేవాళ్ళ లెక్క, మన గ్రూపులకి జర్మన్ లెక్కే సరైంది, నా మాట నమ్మండి.

ఇంత లెక్క ఎవరు చేస్తారంటే ఇంకా చిన్న దారి ఉంది, అందరికీ నేను చెప్పేది ఇదే. ప్రతి 100 మీటర్ల ఎక్కుడుని ఒక కిలోమీటరు కింద కట్టి దూరానికి కలిపేయండి. పైన చెప్పిన దారికి 16 ప్లస్ 7, మొత్తం 23. దాన్ని 4తో భాగిస్తే 5.75 గంటలు, ఇంచుమించు అదే జవాబు. వేళ్ళమీద అయిపోతుంది, ఫోన్ కూడా అక్కర్లేదు. ఈ 23 అనే అంకెతో దారుల్ని ఒకదాంతో ఒకటి పోల్చుకోవచ్చు కూడా, 10 లోపుంటే పొద్దుటి పూట పని, 20 దాటితే రోజంతా పని, 30 దాటితే అలవాటు లేనివాళ్ళని తీసుకెళ్ళకూడదు, ఇవి నేను పెట్టుకున్న హద్దులు, మీ గ్రూపుని బట్టి మార్చుకోండి. గిరి ప్రదక్షిణ 32 పైన ఉంటుంది మరి, భక్తి ఉంటే నడిపిస్తుంది అది వేరే విషయం.

ఈ టైముల్లో దేంట్లోనూ ఆగడం ఉండదు. స్విట్జర్లాండ్‌లో పసుపు బోర్డుల మీద రాసే గంటలు కూడా ఆగకుండా నడిస్తే పట్టేవి. టీ తాగడం, ఫోటోలు, వెనకబడినవాళ్ళ కోసం ఎదురుచూడటం, ఇవన్నీ మీరే కలపాలి, నేనైతే మూడో వంతు కలుపుతాను, పదిమంది దాటితే సగం. ఫస్ట్ దగ్గర చివరి గొండోలా వెళ్ళిపోతే కింద గ్రిండెల్‌వాల్డ్ ఊరి దాకా మోకాళ్ళు అరిగేలా దిగాలి, కాబట్టి టైమ్ లెక్క వెనక నుంచి వేసుకురండి, తిరుగు బండి ఎన్నింటికో అక్కడినుంచి మొదలుపెట్టండి, అరకులో సాయంత్రం పాసింజర్ పట్టుకోవాల్సినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మూడోది, దారి కష్టం. అలసటతో దీనికి సంబంధం లేదు, ఇది పూర్తిగా కాలికింద నేల గురించి. స్విస్ ఆల్పైన్ క్లబ్ వాళ్ళు దీనికి టీ1 నుంచి టీ6 దాకా ఆరు మెట్లు పెట్టారు. టీ1 అంటే బాగా చేసిన దారి, మామూలు బూట్లు చాలు. టీ2 అంటే కొండ దారి, దారి స్పష్టంగా ఉంటుంది, అక్కడక్కడా నిటారు. టీ3లో దారి కొన్నిచోట్ల కనపడదు, నిలదొక్కుకోవడానికి చెయ్యి వేయాల్సి రావచ్చు, పక్కన లోయ ఉన్నచోట తాడో గొలుసో కట్టి ఉండొచ్చు. టీ4 నుంచి ఆల్పైన్ నడక, కొన్నిచోట్ల చేతులు వాడితేనే ముందుకెళ్తారు. టీ5, టీ6 రాళ్ళెక్కడం వచ్చినవాళ్ళకి, మనం వాటి జోలికి పోవద్దు.

స్విట్జర్లాండ్‌లో రంగుల గుర్తులుంటాయి, టీ1కి పసుపు, టీ2, టీ3లకి తెలుపు ఎరుపు తెలుపు, టీ4 దగ్గర్నుంచి తెలుపు నీలం తెలుపు. సరిహద్దు దాటి ఆస్ట్రియా వెళ్ళారనుకోండి, అక్కడ కొండ దారులకి నీలం అంటే సులువు, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. అంటే ఒక దేశంలో పిల్లలతో వెళ్ళగలిగే రంగు పక్క దేశంలో చేతులతో పాకాల్సిన రంగు. ఆస్ట్రియా చూసేసి స్విట్జర్లాండ్ వెళ్ళేవాళ్ళు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇటలీలో ఇవేవీ కావు, టీ, ఈ, ఈఈ అని అక్షరాలు, అక్కడి టీ అంటే టూరిస్టు దారి అని, స్విస్ టీతో కలపకండి.

మన కొండకి ఈ గ్రేడ్ ఇవ్వాలంటే నేను మూడు ప్రశ్నలే వేసుకుంటాను. చేతులు వాడాలా? కాలు జారితే ఏమవుతుంది, మోకాలు గీరుకుంటుందా, లోయలోకి పోతామా? ఒక్కడే వస్తే దారి కనపడుతుందా? వీటికి జవాబు చెప్పేటప్పుడు దారిలో అన్నిటికంటే చెడ్డ చోటు ఏదో దాన్ని తలుచుకుని చెప్పండి, సగటు తీయకండి. పది కిలోమీటర్లు పార్కులా ఉండి ఒక్క యాభై మీటర్లు నిటారు బండ ఉంటే ఆ దారి గ్రేడ్ ఆ యాభై మీటర్లదే, ఎందుకంటే అక్కడ ఇరుక్కున్నవాడికి మిగతా పది కిలోమీటర్లు అక్కరకి రావు. అయితే ఆ చోటు ఎక్కడుందో, దాన్ని చుట్టుతిరిగి వెళ్ళే వీలుందో లేదో పక్కనే రాయండి.

మన తూర్పు కనుమల నేల గురించి ఒక మాట. ఇక్కడి రాయి ఎక్కువగా ఖొండలైట్, అది ఎండకీ వానకీ త్వరగా అరిగి ఎర్రమట్టి, సన్న గులక అయిపోతుంది. ఎక్కేటప్పుడు ఏమీ తెలీదు, బాగానే పట్టు దొరుకుతుంది, దిగేటప్పుడు ఆ సన్న రాళ్ళు బూటు కింద బాల్ బేరింగుల్లా దొర్లుతాయి, మడమ ముందు వేసినాయన వెంటనే కూర్చుండిపోతాడు. వేసవికి ముందు ఆకులు రాలి దారి మీద పరుచుకుంటే ఆ గులక అసలు కనపడను కూడా కనపడదు. అందుకే మన దగ్గర గ్రేడ్ ఎప్పుడూ దిగేటప్పుడు చూసి ఇవ్వాలి, ఎక్కి శిఖరం మీద సెల్ఫీ దిగి అక్కడే "టీ2" అని రాసేయకండి.

గ్రేడ్ అంటే మంచి వాతావరణంలో, పొడి నేల మీద ఇచ్చేది. ఆల్ప్స్‌లో టీ2 దారి మీద జూన్‌లో పాత మంచు గడ్డకట్టి ఉంటే అది టీ2 కాదు, జారితే ఎక్కడ ఆగుతామో తెలీదు. మన దగ్గర మంచు లేదు కానీ ఏప్రిల్, మేల్లో ఉక్కపోత ఉంది, తొమ్మిదయ్యేసరికి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, ఫిబ్రవరిలో గంటలో ఎక్కిన కొండ మేలో గంటన్నర తీసుకుని మూడు బాటిళ్ళ నీళ్ళు తాగిస్తుంది. కాబట్టి గ్రేడ్ పక్కన నెల కూడా ఉండాలి.

ఇక హిమాలయాలకి వెళ్ళేవాళ్ళకి నాలుగో అంకె ఒకటుంది, ఎంత ఎత్తులో నడుస్తున్నారన్నది. మన కొండల మీద, ఆల్ప్స్‌లో పగటి నడకల్లో అది పెద్దగా లెక్కలోకి రాదు. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ శిఖరానికి మనవాళ్ళు తెగ వెళ్తున్నారు, 3,810 మీటర్లు, దారి పెద్ద కష్టం కాదు, దూరమూ రోజులకి పంచేసుకుంటారు, అది చూసి "బిగినర్ ట్రెక్" అంటారు. కానీ సముద్రం పక్కన పుట్టి పెరిగి విమానమెక్కి వెళ్ళినవాళ్ళకి 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతి, నిద్రపట్టకపోవడం ఎవరికైనా రావచ్చు, జిమ్‌కి వెళ్ళే కుర్రాడైనా సరే, ఫిట్‌నెస్‌కీ దీనికీ సంబంధం లేదు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకి ఒకసారి ఆగాలని డాక్టర్లు చెప్పే నియమం. తలనొప్పితో పైకి వెళ్ళొద్దు, తగ్గకపోతే కిందకి దిగాలి. కాబట్టి హిమాలయ దారికి గ్రేడ్ రాసేటప్పుడు శిఖరం ఎత్తుతో పాటు ప్రతి రాత్రీ ఎక్కడ పడుకుంటారో ఆ ఎత్తులు కూడా రాయండి.

మీ సొంత కొలబద్ద ఒకటి తయారు చేసుకోండి. మెట్లదారి ఎవరి వేగంతో వాళ్ళు, వీపున నీళ్ళ సంచితో ఎక్కి టైమ్ చూసుకోండి, వాచీ చూపించిన ఎక్కుడుని ఆ టైమ్‌తో భాగిస్తే గంటకి ఎన్ని మీటర్లు ఎక్కగలరో వస్తుంది. అరగంటకి వచ్చిన వేగం నాలుగు గంటలు నిలవదు, దాంట్లో మూడింట రెండు వంతులు పట్టుకుంటే చాలా దారులకి సరిపోతుంది. గంటకి 300 మీటర్లు హాయిగా నిలబెట్టగలిగితే స్విస్ బోర్డు మీద రాసిన టైమ్ మీకు దాదాపు సరిపోతుంది.

చివరికి ఏం రాయాలి అంటే, ఒక్క లైన్ చాలు. ఇలా ఉండాలి:

"షీనిగె ప్లాటె నుంచి ఫస్ట్, వన్‌వే, 16 కి.మీ., ఎక్కుడు 714 మీటర్లు పైన, దిగుడు 514 పైన, టీ2, తడిస్తే రాయి జారుతుంది, ఆగకుండా 6 గంటలు, మంచు కరిగాకే, చివరి గొండోలా టైమ్ చూసుకోవాలి."

మనదానికి ఇలా:

"తొలిపావంచా నుంచి సింహాచలం గుడి, మెట్లదారి, వన్‌వే, ఎక్కుడు రెండొందల మీటర్ల చుట్టుపక్కల, టీ1, అంతా నిటారు, ఎండాకాలం ఆరు లోపు మొదలుపెట్టాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దిగేటప్పుడు బస్సెక్కొచ్చు."

చూశారా, టీ1 అని ఉన్నా ఎవరూ దాన్ని ఈజీ అనుకోరు, చదివినావిడ తనకి సరిపోతుందో లేదో తనే తేల్చుకుంటుంది. గ్రేడ్ మనం ఎంత బాగా ఎక్కామో చెప్పుకోడానికి కాదు, మనల్ని ఎప్పుడూ చూడని మనిషి, మన గ్రూపులో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి, రావాలా వద్దా అని తేల్చుకోడానికి. కంబాలకొండ లాంటి చోట అటవీశాఖ అనుమతి కావాలి, అది కూడా ఆ లైన్‌లోనే పెట్టండి. ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుందో, మధ్యలో వెనక్కి తిరగాలంటే ఎక్కడ తిరగొచ్చో తెలిస్తే అదీ రాయండి. పక్కన మీరు నడిచిన నెల, సంవత్సరం వేయండి, ఒక తుపాను వచ్చి వెళ్ళాక మన కొండల మీద దారి అదే దారిగా ఉండదు, హుద్‌హుద్ 2014 అక్టోబరులో కంబాలకొండ చెట్లని ఏం చేసిందో ఊళ్ళో అందరూ చూశారు. పాత గ్రేడ్ దొరికితే దాన్ని ఫార్వర్డ్ చేయకండి, ముందు ఒకరిద్దరు వెళ్ళి నడిచి చూసి, మారింది మార్చి, అప్పుడు గ్రూపులో పెట్టండి.